కింద కోర్టులో ఎత్తని పాయింటు

లా కాలేజీలో ఆమెకు పాయింటమ్మ అని పేరు పెట్టింది ఆమె భర్తే. అప్పటికింకా భర్త కాదు, వెనక బెంచీలో కూర్చుని పాఠం మధ్యలో కునుకు తీసే సహాధ్యాయి. లెక్చరరు ఏ తీర్పు గురించి చెప్పినా ముందు బెంచీలోంచి ఒక చెయ్యి లేచేది. "సార్, ఇక్కడ ఒక పాయింటు వదిలేశారు." నాలుగోసారి ఆ చెయ్యి లేచినప్పుడు, "పాయింటమ్మ లేచింది, ఇక ఇవాళ మనకి బెల్లు కొట్టరు" అన్నాడు వెనకనుంచి. క్లాసంతా గొల్లుమంది. ఆమె కూడా నవ్వింది. చివరి ఏడాది పరీక్షలకి అతనికి నోట్సు రాసిపెట్టింది ఆమే. వాటిని తిరిగి ఇవ్వడానికి వచ్చినవాడు గుమ్మంలో నిలబడి అటూ ఇటూ చూసి, "నోట్సుతో పాటు నన్ను కూడా ఉంచేసుకోరాదూ" అన్నాడు. అవే వాళ్ళ పెళ్ళిచూపులు.

అప్పటిదాకా ఒకరినొకరు నువ్వు, నువ్వు అనుకునేవాళ్ళు. పెళ్ళయిన వారానికి అత్తగారు, "మగణ్ణి పేరు పెట్టి పిలిచినా సహిస్తాను గానీ, ఆ నువ్వు అనడం నా చెవులకి ఇంపుగా లేదమ్మా" అంది. ఆమె 'మీరు' అనడం మొదలుపెట్టింది. చిన్న విషయం, దానికి పట్టుదలేమిటి అనుకుంది.

ఇద్దరూ ఒకే పెద్ద ప్లీడరు దగ్గర జూనియర్లుగా చేరారు. ఆ పెద్దాయన మాటల్లో పిసినారి. జూనియరు తెచ్చిన కాగితం నచ్చితే బల్ల మీద కుడివైపు పెట్టేవాడు, నచ్చకపోతే ఎడంవైపు. అంతకుమించి వ్యాఖ్యానం ఉండేది కాదు. ఆరు నెలలు తిరిగేసరికి ఆమె కాగితాలన్నీ కుడివైపూ, అతనివి ఎక్కువగా ఎడంవైపూ పేరుకున్నాయి.

పెళ్ళయిన ఎనిమిదో నెలలో పెద్దాయన ఒక దర్జీ కేసు ఆమెకి అప్పగించాడు. దుకాణం వెనక గోడని దర్జీ పగలగొట్టాడనీ, ఖాళీ చేయించాలనీ ఇంటి యజమాని దావా. గోడ పగలగొడుతుంటే సందులోంచి కళ్ళారా చూశానని ఒక సాక్షి. ముందురోజు ఆమె ఆ సందుకి వెళ్ళి, యజమానికి అనుమానం రాకుండా జాకెట్టు కుట్టు వదులు చేయించుకునే నెపంతో దుకాణమంతా చూసి వచ్చింది.

"ఎక్కడ నిలబడి చూశారు?" అని అడిగింది సాక్షిని.

"సందులోనే, తలుపుకి ఇవతల."

"తలుపు తీసి ఉందా?"

"బార్లా తీసి ఉంది."

"ఆ తలుపు లోపలికి తెరుచుకుంటుందా, బయటికా?"

సాక్షి తలుపు తీసినట్టు గాల్లో చెయ్యి తిప్పి చూసుకున్నాడు. "బయటికి."

"సందు వెడల్పు తలుపు వెడల్పంతే. బయటికి తెరిస్తే సందుకి అడ్డం పడుతుంది. మీరు ఇవతల నిలబడ్డారు. మరి చెక్కలోంచి ఎలా కనిపించింది?"

జడ్జి కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. బయటికి వచ్చాక పెద్దాయన పదిమందిలో నోరు విప్పాడు. "గొంతు చిన్నదే గానీ గురి పెద్దది." ఆయన నోటి నుంచి అంత పొడుగు మాట ఎవరూ విని ఉండలేదు.

అదే వారంలో భర్త వాదించిన కేసు కొట్టేశారు. సెక్షను ఒకటి చెప్పబోయి ఇంకొకటి చెప్పాడు. మూడు రోజులు ఇంట్లో మాట్లాడలేదు. నాలుగో రోజు ఆమె పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని చెప్పాడు.

"మనిద్దరం ఒకే గుమ్మంలో నిలబడితే ఎట్లా చెప్పు. వచ్చినవాడు ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలీక వెనక్కి పోతాడు. ఒక్క రెండేళ్ళు నన్ను నిలదొక్కుకోనీ. ఆ తర్వాత నీ ఇష్టం. నువ్వెక్కడికి పోతావ్, నీ తెలివెక్కడికి పోతుంది?"

ఆ మాటలో బతిమాలుకోవడం ఉంది. తనకన్నా తక్కువవాడినని ఒప్పుకోవడం కూడా ఉందనుకుని ఆమె కరిగిపోయింది. రెండేళ్ళే కదా అంది.

రెండేళ్ళయ్యేసరికి ఒళ్ళో ఆడపిల్ల ఉంది. పిల్ల బడికి వెళ్ళే వేళకి అత్తగారు పక్షవాతంతో మంచం పట్టింది. పెద్దావిడ తొమ్మిదేళ్ళు మంచంలోనే ఉంది. ఈలోగా భర్త సొంతంగా ఆఫీసు తెరిచాడు. ఇంటి ముందుగది ఆఫీసు. అద్దాల బీరువాల నిండా లావుపాటి పుస్తకాలు, గుమ్మం పక్కన అతని పేరున్న బోర్డు. దాని వెనక వంటింటిని ఆనుకుని భోజనాల బల్ల. అసలు ఆఫీసు ఆ బల్లే. పొద్దున గుమాస్తా ముందుగదిలోంచి ఫైళ్ళు వెనక్కి మోసుకొచ్చేవాడు. అత్తగారికి గంజి పట్టి, పక్క మార్చి, పిల్లని బడికి పంపి ఆమె రాయడం మొదలుపెట్టేది. సాయంత్రానికి గుమాస్తా ఆ రాతలు ముందుకు మోసుకెళ్ళేవాడు. మర్నాడు భర్త వాటిని కోర్టులో కంచుకంఠంతో చదివేవాడు. అతనికి గొంతుంది, నిలబడే తీరుంది, నవ్వి జడ్జిని మెత్తబరిచే నేర్పుంది. మిగతాదంతా భోజనాల బల్ల మీదనుంచి వెళ్ళేది.

"అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టుందమ్మా" అన్నాడు గుమాస్తా ఒకసారి, భర్త గెలుపు వార్త మోసుకొచ్చి.

"మీకెందుకండీ ఆ మాటలు" అని ఆమె కసిరింది. కానీ ఆ పూట అతనికి ఇంకో కప్పు కాఫీ ఇచ్చింది.

అత్తగారు పోయిన ఏడాది జడ్జి ఉద్యోగాలకి ప్రకటన పడింది. నలభై దాటితే అర్హత లేదు. ఆమెకి ముప్పై తొమ్మిది నిండి పది నెలలు. మళ్ళీ ప్రకటన వచ్చేసరికి వయసు దాటిపోతుంది. ఆ నెలంతా తెల్లవారుజామున లేచి చదివింది. దరఖాస్తు చక్కగా నింపింది. దాన్ని హైకోర్టు ఆఫీసులో నేరుగా ఇవ్వాలి. ఆఖరి తేదీన పిల్లకి ఒళ్ళు కాలిపోయే జ్వరం. భర్త ఎలాగూ అక్కడికే వెళుతున్నాడు. కవరు అతని సంచీలో పెట్టి, "అయిదింటిలోగా ఇచ్చెయ్యాలండీ" అంది.

సాయంత్రం అతను వచ్చి చెప్పులు విప్పకుండానే గుమ్మంలో ఆగిపోయి నుదురు కొట్టుకున్నాడు. "అయ్యో, మర్చేపోయానోయ్. ఆ స్టే గొడవలో పడి... ఛ, ఎంత పని చేశాను." ఆ రాత్రి అన్నం ముట్టలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమె కంచం మంచం దగ్గరికే పట్టుకెళ్ళింది. "పోనీలెండి. రాసిపెట్టి లేదు. మీరేమన్నా కావాలని చేశారా" అని ఒక్కో ముద్దా కలిపి తినిపించింది. తరవాత స్నానాలగదిలో కుళాయి తిప్పి ఏడ్చింది.

ఇరవై రెండేళ్ళు గడిచాయి. ఆమెకి అరవై ఒకటి. కూతురు పెళ్ళయి వేరే ఊళ్ళో ఉంటోంది. భర్త పేరు చెబితే కోర్టులో కుర్చీలు జరుగుతాయి. ముప్పై ఐదేళ్ళ ప్రాక్టీసు పూర్తయిందని ప్లీడర్ల సంఘం వాళ్ళు ఒక మధ్యాహ్నం సన్మానం పెట్టారు. ఆమెని ముందు వరసలో కూర్చోబెట్టారు. పూలగుత్తులు, జ్ఞాపిక, పొగడ్తలు అయ్యాక అతను మైకు అందుకున్నాడు.

"నా విజయం వెనక మా ఆవిడ ఉందని ఇందాకట్నుంచి అందరూ అంటున్నారు. నిజమే. కానీ ముందుకి రాకుండా వెనకే ఎందుకుందో మీలో ఎవరికీ తెలీదు. ఇవాళ ఒప్పేసుకుంటా." హాలంతా చెవులు రిక్కించింది. "ఒకప్పుడీవిడ జడ్జి ఉద్యోగానికి దరఖాస్తు రాసి, ఇచ్చి రమ్మని నా సంచీలో పెట్టింది. ఆ ఆఫీసు మెట్లదాకా వెళ్ళాను. అక్కడ ఆగి ఆలోచించాను. ఈవిడ రాస్తే పాసవుతుంది, అందులో అనుమానం లేదు. పాసైతే రేపు పైన ఈవిడ కూర్చుంటుంది, కింద నేను నిలబడి 'చిత్తం, చిత్తం' అనాలి. ఇంట్లో ఎలాగూ అంటున్నాను, ఇక్కడ కూడానా? వెనక్కి తిరిగాను. మర్చిపోయానని చెప్పాను. పాపం, నమ్మింది. అదండీ, నా కెరీర్లో నేను గెలిచిన అతి పెద్ద కేసు."

హాలు నవ్వులతో దద్దరిల్లింది. పక్కనున్న ఆడ ప్లీడరు ఆమె మోచెయ్యి తట్టి మరీ నవ్వింది. ఆమె మొహం కూడా నవ్వింది. అతను చెప్పే హాస్యానికి నవ్వడం ఆ మొహానికి ఎంత అలవాటంటే, మాట అర్థమయ్యేలోపలే దాని పని అది చేసేసింది. ఫొటోల్లో ఆమె నవ్వుతూనే ఉంటుంది.

తిరిగి వస్తూ అతను కారు నడుపుతూ కూనిరాగం తీస్తున్నాడు. వెనక సీట్లో పూలగుత్తులు అటూ ఇటూ దొర్లుతున్నాయి.

"ఆ కవరు ఏం చేశావు?" అంది ఆమె.

కూనిరాగం ఆగింది. "ఏంటి, నువ్వు అంటున్నావు?"

"ఏం చేశావు?"

"ఎప్పటి మాట అది. చింపేసి ఉంటాను."

"ఎక్కడ?"

"అబ్బ. క్యాంటీను పక్కన చెత్తబుట్ట ఉంటుంది చూడు, అందులో."

"ఆ రాత్రి అన్నం తినలేదు. నేను తినిపించాను. అది కూడా నటనేనా?"

అతను ఎర్రలైటు దగ్గర బండి ఆపి, "చూడు" అన్నాడు మెత్తగా. "జడ్జివైతే ఊరూరికీ బదిలీలు. పిల్ల చదువేం కావాలి, ఈ ఇల్లేం కావాలి? నేనాలోచించింది మన మంచికే. నీకేం తక్కువ చేశానిప్పుడు?"

"అదే మాట అప్పుడు నాతో అనుండచ్చుగా."

"అంటే నువ్వు ఒప్పుకునేదానివి కాదు."

ఆమె ఇంకేమీ అడగలేదు. ఏ సాక్షినీ అంతకన్నా అడగాల్సిన పని ఉండదు. పచ్చలైటు పడింది. ఆమె ఊరుకుంది కాబట్టి గొడవ సద్దుమణిగిందనుకుని అతను మళ్ళీ రాగం అందుకున్నాడు.

కూతురికి ఫోన్ చేసి చెప్పింది. కూతురు నిట్టూర్చింది. "నాన్న ఏదో సరదాకి అనుంటారమ్మా. అందరిముందూ నీ తెలివిని పొగడాలనే కదా."

"పొగిడాడే తల్లీ. తను కాజేసింది ఎంత ఖరీదైనదో నలుగురికీ చెప్పాడు."

"ఇన్నేళ్ళ తర్వాత ఏం చేస్తావమ్మా మరి?"

ఆమె ఫోన్ పెట్టేసింది. మర్నాడు పొద్దున గుమాస్తా ఫైళ్ళు తెచ్చి భోజనాల బల్ల మీద పెడితే, వాటిని తాకకుండా, "ముందుగదిలోకి తీసుకెళ్ళండి. ఇక నేను రాయను" అంది. గుమాస్తా ఒక్కో కట్టా చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. భర్త రెండు రోజులు ఓపిక పట్టాడు. అలిగింది, అదే దిగివస్తుంది అనుకున్నాడు. తరవాత ఒక జూనియర్ని పిలిచి రాయమన్నాడు.

ఆ కట్టల్లో ఒక నర్సు ఫైలు ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళు ఒకే ఆసుపత్రిలో చేసిన మనిషి. ఒక రోగికి తప్పుడు ఇంజెక్షను ఇచ్చిందని ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ ఫైలు ఆమె సన్మానానికి ముందే చదివింది. డ్యూటీ పట్టికలో పన్నెండో పేజీ. ఆ ఇంజెక్షను పడిన గంటలో నర్సుని పై అంతస్తు వార్డుకి పంపినట్టు అక్కడి హెడ్ నర్సు సంతకం ఉంది. చిన్న సంతకం, పేజీ అంచున. రాసేటప్పుడు దీన్నుంచే మొదలుపెట్టాలి అనుకుంది.

జూనియరు పన్నెండో పేజీ చూడలేదు. భర్తకి పేజీలు చూసే అలవాటే లేదు. అతను అద్భుతంగా మాట్లాడాడు. సేవ గురించి, కరుణ గురించి, తెల్లబట్టల గురించి. కేసు పోయింది.

వారం తర్వాత నర్సు ఇంటికి వచ్చింది. ముందుగదిలోకి కాదు, వెనక గుమ్మానికి. నెరిసిన జుట్టు బిగించి ముడి వేసుకుంది. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చుంది.

"గుమాస్తాగారు చెప్పారమ్మా. ఈసారి మీరు రాయలేదంట కదా" అంది. "ఏమీ అనుకోకండి, అడగాలని వచ్చాను. నా మీద ఏమైనా కోపమా?"

మొగుడి మీద కోపం పేజీలోని మనిషి మీద పడింది. అప్పటిదాకా తన చేతుల్లో ఉన్నది కాగితమే అనుకుంది. ఇరవై రెండేళ్ళ తర్వాత దొరికిన ఒకే ఒక్క పగ, అది కూడా ఇంకొకరి మెడ మీద దిగింది.

"మీ మీద కాదు" అంది చివరికి. "పై కోర్టుకి వెళదాం. నేనే వస్తాను."

ప్లీడరుగా ఆమెకున్న సనదు ఎప్పుడో మురిగిపోయింది. దాన్ని తిరిగి నిలబెట్టుకోవడానికి న్యాయవాదుల మండలి ఆఫీసుకి వెళితే, కిటికీ అవతల కుర్రగుమాస్తా తలెత్తకుండానే, "అమ్మాయి సర్టిఫికెట్లు తెచ్చారామ్మా?" అన్నాడు.

"అమ్మాయివి కాదు, నావి."

అతను అప్పుడు తలెత్తి, కాగితం మీది తేదీలు చూసి, పక్కవాడికి చూపించాడు. మూడు నెలలు తిప్పారు. కొత్త చట్టాలు, మారిన సెక్షన్లు, కంప్యూటరులో దాఖలు చేసే పద్ధతి, అన్నీ మొదటినుంచి నేర్చుకుంది. పేర్లు గుర్తుండేవి, అంకెలు జారిపోయేవి. ఒకప్పుడు ఒక్కసారి చదివితే చాలిన పేజీ ఇప్పుడు మూడుసార్లు చదివితే గానీ నిలవడం లేదు. దానికి ఎవరి మీద దావా వెయ్యాలో ఏ పుస్తకంలోనూ లేదు.

నల్లకోటు చూసి భర్త గట్టిగా నిట్టూర్చాడు. "మోకాళ్ళ నొప్పులతో ఎక్కడ నిలబడతావోయ్. పోనీ నువ్వు రాసివ్వు, నేను వాదించి పెడతాను." ఆ మాటలో ప్రేమే ఉంది. అదే ఆమెకి భరించరానిదైంది.

పై కోర్టులో జడ్జి ఆమెకన్నా పదేళ్ళు చిన్నవాడు. ఆమె లేచి నిలబడగానే గుర్తుపట్టి చిరునవ్వు నవ్వాడు. "సార్ రాలేదామ్మా?"

"లేదండి. ఈ కేసు నాది."

మొదటి రెండు వాక్యాలు ఆయనకి వినపడక, మళ్ళీ చెప్పమన్నాడు. మూడో వాక్యానికి పన్నెండో పేజీ దగ్గరికి వచ్చింది. అక్కడినుంచి గొంతు నిలబడింది. హెడ్ నర్సు సంతకం, వేళ, పై అంతస్తుకి మెట్లు, అన్నీ ఒకదాని వెనక ఒకటి పెట్టింది. జడ్జి ఆ పేజీ తీసి, కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశాడు.

"మంచి పాయింటే. కానీ కింద కోర్టులో ఎత్తలేదే?"

"ఎత్తలేదండి."

"ఎందుకని? అక్కడ మీ సారే కదా వాదించింది."

ఆమె బల్ల అంచు పట్టుకుంది. జూనియరు మీద తోసెయ్యచ్చు. పొరపాటున చూడలేదని చెప్పచ్చు. వెనక బెంచీలో నర్సు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"క్లయింటు తప్పు కాదండి. ఆ వాదన రాయాల్సింది నేను. పాయింటు నాకు అప్పుడే తెలుసు. తెలిసీ రాయలేదు."

ఎదుటి ప్లీడరు సగం లేచి ఆగిపోయాడు. జడ్జి రికార్డు తిరగేశాడు. "ఇందులో మీ పేరు ఎక్కడా లేదు కదమ్మా."

"లేదండి. ముప్పై ఐదేళ్ళుగా ఏ ఫైల్లోనూ లేదు."



తీర్పు గెలుపూ కాదు, ఓటమీ కాదు. కింద కోర్టులో ఎత్తని వాదనని ఇక్కడ పూర్తిగా ఒప్పుకోలేమని, ఆసుపత్రివాళ్ళే మళ్ళీ విచారణ జరపాలని రాశారు. ఆ విచారణకి ఏడాదిన్నర పట్టింది. ఆరోపణ రుజువు కాలేదని చివరికి ఒక కాగితం వచ్చింది. అప్పటికి నర్సు పదవీ విరమణ వయసు దాటి నాలుగు నెలలు. కాగితం వచ్చింది గానీ డ్యూటీ రాలేదు.

"తప్పు చెయ్యలేదని రాశారు, అది చాలమ్మా" అంది నర్సు. ఇంకేదో అనబోయి, "మొదట్లోనే మీరు..." అని ఆపేసింది. ఆమె ఆ మాట పూర్తి చెయ్యమనలేదు.

ఆ రోజు కోర్టులో ఆమె అన్న మాట మధ్యాహ్నానికల్లా క్యాంటీనుకి పాకింది. కొందరు జాలిపడ్డారు, కొందరు ముసలితనపు చాదస్తం అన్నారు. భర్త మూడు వారాలు మాట్లాడలేదు. "పరువు తీశావు" అన్నది ఒక్కటే మాట. ఇల్లు అదే, బల్ల అదే, భోజనం మాత్రం వేరువేరు వేళల్లో. అతని కాగితాలు జడ్జిల దగ్గర నిలవడం తగ్గింది. ముందుగదిలో కుర్చీలు కొన్ని ఖాళీగా ఉంటున్నాయి. ఆమెకి చిన్న కోర్టులో చిన్న కేసులు వస్తున్నాయి, ప్రహరీగోడల తగాదాలూ, కుళాయి నీళ్ళ తగాదాలూ.

ఒక ఉదయం ఆమె కోర్టుకి బయల్దేరుతుంటే భర్త నాలుగు కాగితాలు పట్టుకుని వెనక గదిలోకి వచ్చాడు. ఆ గదిలోకి స్వయంగా ఫైలు మోసుకురావడం అతనికి అదే మొదటిసారి.

"కొంచెం చూసిపెట్టవూ. పాత క్లయింటు, ఇల్లు పోయేలా ఉంది."

చూడకూడదనుకుంది. కానీ నర్సు పూర్తి చెయ్యని మాట చెవుల్లో ఉంది. నిలబడే చదివింది. రెండో పేరాలోనే తప్పు కనిపించింది. కూర్చుని, అరగంటలో మొత్తం తిరగరాసి ఇచ్చింది.

"కింద నా పేరు కూడా రాయి" అంది.

అతను కలం తీశాడు. తీసి, కాగితం వైపు చూస్తూ, "క్లయింటేమనుకుంటాడో. ఈసారికి ఇలా పోనీలే" అన్నాడు.

ఆమె వాదించలేదు. ముందుగదిలో కూర్చున్న ఆ క్లయింటు దగ్గరికి వెళ్ళి, ఎదురుగా నిలబడింది. "మీ కాగితాలు రాసింది నేను. కోర్టులో కూడా నేనే చెప్పగలను. ఎవరిని పెట్టుకుంటారో మీరే చెప్పండి."

క్లయింటు లేచి నిలబడ్డాడు. మర్యాదస్తుడు. ఆమె వైపూ, గుమ్మంలోకి వచ్చిన భర్త వైపూ చూసి నొచ్చుకుంటూ నవ్వాడు.

"మీరు రాస్తారని నాకు మొదట్నుంచీ తెలుసమ్మా. అందుకేగా ఈ ఆఫీసుకి వచ్చేది. రాయడం మీరే రాయండి, వాదించడం మాత్రం సార్ వాదిస్తారు. ఆయన పేరుంటే జడ్జిగారు వింటారు కదా."

భర్తకి ఏమీ అనాల్సిన అవసరం కూడా కలగలేదు.

ఆమె గడియారం చూసుకుంది. పదిన్నరకి ప్రహరీగోడ కేసు పిలుస్తారు, బస్సు పదింటికి. సంచీ భుజాన వేసుకుని బయటికి నడిచింది. వెనక ముందుగదిలో భర్త గొంతు ఖంగున మోగుతోంది, ఆమె రాసిన రెండో పేరా క్లయింటుకి చదివి వినిపిస్తున్నాడు.